సారు స్పీకర్లు, బాపు అరచెయ్యి

మొన్నీమధ్య మా సౌండు సామాన్ల షాపుకు రాజమల్లు అన్న వచ్చాడు. బొగ్గు కంపెనీ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. మా గోదావరిఖనిలో రిటైరైనవాళ్లు మూడు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. ప్లాటు కొంటారు, మోకాళ్లకు వైద్యం చేయించుకుంటారు, లేదంటే యూనియన్ ఆఫీసు ముందు కూర్చుని పక్కవాడి పేపరు చదువుతారు. ఈయన మాత్రం విదేశీ స్పీకర్లు కొన్నాడు. ఒక్కొక్కటి మూడో తరగతి పిల్లవాడంత ఎత్తు, పెళ్లికొడుకంత నునుపు. ఆ రెండింటినీ ఆటో వెనక సీటు మీద పక్కపక్కన కూర్చోబెట్టి, తాను డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ తెచ్చాడు. దిగీ దిగకముందే, వీటికి ఎన్ని వాట్ల ఆంప్లిఫయర్ కావాలో జల్ది చెప్పమన్నాడు. ముందు వాళ్లను లోపలికి రానియ్యి అన్నా, మంచినీళ్లు ఇద్దాం, సంబంధం సంగతి తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

ఆయన నవ్వుతుండగానే నేను ఒక స్పీకర్ దగ్గర వంగి, వేళ్లు ముడిచి కణుపులతో రెండుసార్లు కొట్టి, వెంటనే అరచెయ్యి దాని పక్కకు ఆనించాను. "ఏంది దాసూ, పుచ్చకాయ కొంటున్నవా?" అన్నాడు రాజమల్లు అన్న. షాపులో ఉన్న ఇద్దరు నవ్వారు, నేనూ నవ్వాను. చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోయింది. కణుపులతో రెండు దెబ్బలు, ఆ తర్వాత అరచెయ్యి, తల కొంచెం ఎడమకు వాల్చడం, నోరు కొద్దిగా తెరిచి ఉంచడం. ఇది నా పద్ధతి కాదు, మా నాన్నది, అంటే మా బాపుది. ఇన్నేళ్లుగా ఈ షాపులో కూర్చుని వచ్చిన ప్రతి పెట్టెనూ నేను ఇట్లాగే కొడుతున్నానట. ఆ ఇద్దరు చెబితేనే తెలిసింది. అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు. నా నోటికి జడిసి ఊరుకుని ఉంటారు.

మా బాపు ఏలియా బాయిలో టింబర్‌మన్. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. బొగ్గు తవ్వి తీసిన చోట పైకప్పు కూలకుండా కింద కర్ర దుంగలు నిలబెట్టేవాడే టింబర్‌మన్. దుంగ నిలబెట్టాలంటే ముందు ఆ కప్పు కిందికి పోవాలి. పోవాలంటే అది మీద పడదని తెలియాలి. అది తెలుసుకోవడానికి వాళ్ల దగ్గర ఉన్న మిషన్లు ఒక ఇనుప కర్ర, రెండు చెవులు, ఒక అరచెయ్యి. కర్రతో పైకి కొడతారు. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది. కప్పు అందేంత ఎత్తులో ఉంటే రెండో చెయ్యి దానికి ఆనించి ఉంచుతారు, చెవికి అందని వణుకు చేతికి అందుతుంది. డొల్ల అని తెలిసినవాడు వెనక్కి వస్తాడు. తెలియనివాడు రాడు. ఇంతే పాఠం, ఫెయిలైతే మళ్లీ రాయనివ్వరు.

డ్యూటీలో ఎనిమిది గంటలు కొట్టిన చెయ్యి ఇంటికొచ్చి ఊరికే ఉంటుందా? కొత్త కుండ తెస్తే కొట్టేవాడు, గుమ్మడికాయ తెస్తే కొట్టేవాడు, చర్చికి కొత్తగా చేయించిన టేకు బల్లను పాస్టరుగారు ప్రార్థనలో ఉండగానే వెనక నుంచి పోయి కొట్టి వచ్చాడు. వారానికి ఒక్కసారైనా నా నెత్తి మీద కొట్టి డొల్ల అని తేల్చేవాడు. మా తొమ్మిదో తరగతి సారు కూడా అదే తేల్చాడు గానీ ఆయనకు ఏడాది పట్టింది. తొమ్మిదో తరగతి నన్ను రెండుసార్లు భరించింది, మూడోసారి చేతులెత్తేసింది. నాకూ దానికీ అప్పటి నుంచి రాకపోకలు లేవు.

మా క్వార్టర్ల లైనులో పగలు, రాత్రి అనే తేడా ఉండేది కాదు. ఫస్ట్ షిఫ్టువాడు టిఫిన్ గిన్నె పట్టుకుని బయలుదేరుతుంటే నైట్ షిఫ్టువాడు కళ్లు మాత్రమే కనబడే ముఖంతో ఎదురొచ్చేవాడు. వచ్చేసరికి ఇంటావిడ బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాచి ఉంచేది. మా ఇంట్లో అయితే మొదటి చెంబు నీళ్లు నల్లగా పోయేవి, రెండోది బూడిద రంగులో పోయేది, మూడో చెంబుకు గానీ అందులోంచి మా బాపు బయటపడేవాడు కాదు. ఎర్ర సబ్బు వాసన, తడి బొగ్గు వాసన, మా అమ్మ, అదే మా అవ్వ, పక్కనే వేయించే ఎండుమిరపకాయల ఘాటు, అన్నీ కలిసి ఒకే వాసన. ఇప్పుడు ఎక్కడైనా అందులో ఒకటి తగిలినా నాకు మిగతా రెండూ వాటంతట అవే వస్తాయి. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్న ఇంటికి తలుపు గొళ్లానికి తడి తువ్వాల వేలాడదీసేవాళ్లు. అది ఆరేదాకా ఆ ఇంటి ముందు రోలు మోగదు, పిల్లలు గోళీలు ఆడరు, కూరగాయలామె కూడా అరవకుండా బుట్ట దించి చూపించి పోతుంది. పొద్దున పది గంటలకు మా లైనులో నిలబడితే తువ్వాలలే ఎక్కువ కనబడేవి, మనుషులు తక్కువ.

ఇటువంటి లైనులో ఉండి నేను ఎంచుకున్న పని మైక్ సెట్. చర్చిలో మూలన పడేసిన పాత ఆంప్లిఫయర్‌ను విప్పి బాగుచేయడంతో మొదలైంది. ఆ తర్వాత పెళ్లిళ్లు, సభలు, జాతర్లు, యూనియన్ మీటింగులు. ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేసరికి నాకు నాలుగు హారన్లు, ఒక సైకిలు, వందమంది శత్రువులు ఉన్నారు. ఇంట్లో హారన్ టెస్ట్ చేయాలంటే దానికి బొంత చుట్టి, మూతి గోడకు పెట్టి, అవ్వను దాని మీద కూర్చోబెట్టేవాణ్ని. అవ్వ అక్కడే కూర్చుని ఉల్లిగడ్డలు కోసేది. "హలో, మైక్ టెస్టింగ్" అని నేను అంటే ఆమె కింద నుంచి గొణుగుడులాగా వచ్చేది. అయినా పక్కింటి కాక తువ్వాల పక్కన తలపెట్టి, నీ కొడుకును బాయిలకన్న పంపు, మమ్మల్నన్న పండనియ్యమను అని బాపుతో అనేవాడు.

బాపుకు కూడా అదే ఆలోచన. ఆ ఏడాది దుంగ జారి ఆయన మోకాలి మీద పడింది. దవాఖానలో నెల రోజులు ఉండి వచ్చాక కాలు వంగడం మానేసింది. వంగి నడవాల్సిన చోట వంగని కాలుతో ఎట్లా? డాక్టర్లు అన్‌ఫిట్ రాస్తామన్నారు. అన్‌ఫిట్ అయినవాడి బదులు ఇంట్లోవాళ్లలో ఒకరికి ఉద్యోగం ఇస్తారు, కొడుకైనా సరే, అల్లుడైనా సరే. దానికి ఒక ఫారం ఉంటుంది, అందులో ఒక పేరు రాయాలి. ఆ పేరు నాదే అని మా ఇంట్లోనే కాదు, లైనంతా ఒప్పేసుకుంది. లైను సంతోషానికి కారణం వేరే చెప్పాలా?

నాకు మైకంటే ప్రేమ అని అందరికీ చెప్పేవాణ్ని. అది నిజమే గానీ సగం నిజం. బాయి అంటే భయం అనేది మిగతా సగం. చిన్నప్పుడు ఒకసారి బాయి గేటు దగ్గర సైరన్ వేళ కాని వేళ మోగితే అవ్వ చేతిలో పిండి చేతిలోనే ఉండగా పరుగెత్తింది, నేను ఆమె కొంగు పట్టుకుని పరుగెత్తాను. ఆ రోజు బాపు నడిచే వచ్చాడు. ఆయన పక్కన పనిచేసినతను రాలేదు. ఆ సంగతి నేను జోకుల మధ్యలో ఎక్కడా పెట్టలేను, అందుకని ఎప్పుడూ చెప్పేవాణ్ని కాదు. మైక్ సెట్ ఉంది కదా బాపు అని మాత్రం అన్నాను. "పెండ్లిళ్ల సీజన్ల ఉంటది. వానకాలం ఏం జేస్తవ్? కప్పలకు మైకు పెడ్తవా?" అన్నాడు. జోకులు నాకు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు తెలియాలి కదా, అందుకని ఆ మాట రాస్తున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లో జ్యోతినగర్ నుంచి మూర్తి సారు కబురు వచ్చింది. ఆయన కరెంటు ప్లాంటులో ఇంజనీరు, అటు కోస్తా వైపు నుంచి వచ్చినవారు. వాళ్ల టౌన్‌షిప్‌లో క్రిస్మస్ సభకు నేను మైకు పెడితే, ఒక్కసారి కూడా కుయ్యిమనలేదని గమనించారట. ట్రైనింగు కోసం విదేశం పంపినప్పుడు ఆయన ఒక స్పీకర్ల జత కొనుక్కొచ్చారు. ఆంప్లిఫయర్ కూడా తేవడానికి బరువు సరిపోలేదు. రెండేళ్లుగా ఆ స్పీకర్లు డ్రాయింగ్ రూములో దుప్పటి కప్పుకుని కూర్చున్నాయి. మేడమ్‌గారు ఒకదాని మీద పూలకుండీ, రెండోదాని మీద పెళ్లి ఫోటో పెట్టారు. సారు నన్ను కూర్చోబెట్టి, చాలా మర్యాదగా, "వీటికి సరిపోయే ఆంప్లిఫయర్ తయారుచేయగలవా దాసూ? తొందరేం లేదు, సరిగ్గా కుదరడం ముఖ్యం" అన్నారు. అంతవరకు నన్ను ఎవరూ తొందరేం లేదు అనలేదు. పెళ్లివారు అందరూ తొందరలోనే ఉంటారు.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. సారు ఒప్పుకుంటే టౌన్‌షిప్‌లో ఇంకా పదిమంది సార్లు పిలుస్తారు, పెండ్లిళ్లతో పని లేకుండా ఏడాదంతా బతకొచ్చు అన్నాను. బాపు సాసర్లో పోసిన చాయ్ ఊది ఒక గుక్క తాగాడు. "సరే. గా సారు మంచిగుందంటే నీ దారి నీది. కాదంటే నోరు మూసుకుని నెత్తికి లైటు పెట్టుకుంటవ్. నెల దాటినంక ఫారం ఇయ్యాలె" అన్నాడు. అవ్వ మా ఇద్దరి ముఖాలూ చూసి, లోపలికి పోయింది. ఆమె ఎవరి కోసం ప్రార్థన చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు ధైర్యం ఎందుకు ఉందంటే, నా దగ్గర ముప్పై వాట్ల ఆంప్లిఫయర్ ఉంది. దాన్ని పెట్టి నాలుగు హారన్లు కడితే కమాన్‌పూర్‌లో మొదలైన పాట పక్క ఊరి పశువులకు కూడా అర్థమయ్యేది. ఊరిని నింపినది గదిని నింపదా? నా లెక్క అది. మైకు పని చేసే ఎవడైనా అట్లాగే లెక్కేస్తాడు. తీసుకుపోయి తగిలించాను. సారు వయొలిన్ క్యాసెట్ పెట్టారు. దుప్పటి తీసేసినా వయొలిన్ ఇంకా దుప్పటి కిందే ఉన్నట్టు వినబడింది. వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచాను. అప్పుడు ఆ వయొలిన్ దగ్గడం మొదలుపెట్టింది, పిల్లి గొంతులో వెంట్రుక పడితే దగ్గినట్టు. పెంచబోతే సారు లేచి నా చెయ్యి పట్టుకున్నారు. "ఆపు. ఇంకొంచెం ఉంటే పైన ఉన్న చిన్న స్పీకర్ కాలిపోతుంది" అన్నారు.

నేను నమ్మలేదు. పెద్ద ఆంప్లిఫయర్ చిన్న స్పీకర్‌ను కాలుస్తుంది గానీ, చిన్న ఆంప్లిఫయర్ పెద్ద స్పీకర్‌ను ఎట్లా కాలుస్తుంది సార్ అన్నాను. ఆయన కాగితం తీసి కొండలు, లోయలు గీశారు. పాట ఇట్లా ఎక్కి దిగుతూ ఉంటుంది. నీ ఆంప్లిఫయర్‌కు ఇక్కడిదాకానే శక్తి ఉంది, నువ్వు ఇంకా పెంచితే కొండ శిఖరాలు నరికేస్తుంది. ఆ నరికిన అంచులే చిన్న స్పీకర్‌ను వేడెక్కించి చంపుతాయి. నీ హారన్ మూతి పెద్దది, పిడికెడు కరెంటు ఇస్తే గంపెడు చప్పుడు చేస్తుంది. ఈ పెట్టెలు అట్లా కావు, బాగా తింటాయి, నెమ్మదిగా మాట్లాడతాయి. పైగా వెనక చూడు, నాలుగు ఓములు అని ఉంది, అంటే అడ్డు తక్కువ, కరెంటు ఎక్కువ లాగుతాయి, నీది ఎనిమిదికి కట్టినది. అంతా విని, మా పెద్దనాన్న లాంటివి అన్నమాట సార్ అన్నాను. సారు పెన్ను పక్కన పెట్టి నవ్వారు. మేడమ్‌గారు లోపలి నుంచి నవ్వారు. కానీ ఫెయిలు ఫెయిలే. ఇంకొకసారి ప్రయత్నం చేస్తానని చెప్పి సైకిలెక్కాను.

ఆ నెల నేను జోకులు వేయలేదని అవ్వ పాస్టరుగారికి చెప్పి ప్రార్థన చేయించింది. మందమర్రిలో మోటార్లు చుట్టే ఒకాయన ఉంటే, ఆయన ఇంటి ముందు మూడు రోజులు కూర్చుని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకున్నాను. వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలు పాత సామాన్లవాళ్ల దగ్గర వెతికి తెచ్చాను. ఒక్కో వైపుకు వంద వాట్లు, నాలుగు ఓములు తగిలించినా చెమట పట్టకూడదు. సారు గీసిన కాగితం గోడకు అంటించుకున్నాను. సోల్డరింగ్ జిగురు పొగకు ఇల్లంతా మసకబారేది. నైట్ షిఫ్టు నుంచి వచ్చిన పక్కింటి కాక తలుపు దగ్గర నిలబడి, చప్పుడు లేకుంట పని జేస్తున్నవేంది, పాణం బాగలేదా అని అడిగి పోయాడు. కాలు చాపుకుని మంచం మీద కూర్చున్న బాపు నా చేతుల వైపే చూస్తుండేవాడు. ఒక్కోసారి నేను చూడటం లేదనుకుని, ఆ ఇనుప డబ్బాను కణుపులతో కొట్టి చూసేవాడు.

తయారయ్యేసరికి అది రెండేళ్ల దూడంత బరువైంది. ఒక్కణ్ని మొయ్యలేను. బాపు తాను కూడా వస్తానన్నాడు. వంగని కాలుతో ఎట్లా అంటే, సైకిలు వెనక పట్టుకుని నడవడానికి వంగే పని లేదు కదా అన్నాడు. గోనెసంచి కింద వేసి, డబ్బాను క్యారియర్‌కు తాళ్లతో కట్టి, నేను హ్యాండిల్ పట్టుకుంటే ఆయన వెనక చెయ్యి వేసి నడిచాడు. గోదావరిఖని నుంచి జ్యోతినగర్ దాకా అంతా ఎండ. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగాం. ఎవరో ఎదురొచ్చి ఏంది ఏలియా, ఏం గొంటపోతున్నరు అని అడిగితే, మావోని పరీక్ష పేపర్లు అన్నాడు.

సారు వాళ్లింట్లో బాపు సోఫాలో కూర్చోలేదు. ఎంత చెప్పినా వరండా మెట్టు మీదే కాలు చాపుకుని కూర్చున్నాడు. నేను వైర్లు తగిలించాను. సారు అదే వయొలిన్ పెట్టారు. ఈసారి వయొలిన్ దుప్పటి విసిరేసి గది మధ్యలోకి వచ్చి నిలబడింది. నేను ఆ సంగతి సారు ముఖంలో చూశాను. మేడమ్‌గారు పోపు పెడుతున్న గరిటె పట్టుకుని వచ్చి తలుపు దగ్గర ఆగిపోయారు. అంతా అయిపోయింది, గెలిచాననుకున్నాను. అప్పుడు సారు వేరే క్యాసెట్ పెట్టారు, అందులో మృదంగం ఉంది. మృదంగం ఎడమ వైపు బరువుగా మోగిన ప్రతిసారీ దాని వెనక ఒక గుర్రుమనే చప్పుడు వచ్చింది. మళ్లీ మోగితే మళ్లీ గుర్రు. సారు ముఖంలో వెలుగు కొంచెం తగ్గింది. "ఆంప్లిఫయర్‌లోనే ఏదో ఉందయ్యా దాసూ" అన్నారు.

మూత విప్పాను. ప్రతి స్క్రూ బిగించాను. ట్రాన్స్‌ఫార్మర్ కింద రబ్బరు ముక్క పెట్టాను. ఎడమ వైపు వైరు కుడికి, కుడిది ఎడమకు మార్చాను. గుర్రు పోలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కళ్ల ముందు నా ఫారం కనబడింది, దాని మీద నా పేరు, ఆ పేరు కింద బాయి నోరు. సారు చాలా మంచివారు కాబట్టి, ఫర్వాలేదు, నాలుగు రోజులు ఆగి చూద్దాం అన్నారు. నాకు నాలుగు రోజులు లేవు.

అప్పుడు బాపు మెట్టు మీద నుంచి లేచాడు. చెప్పులు విడిచి, "సార్, నేనొకసారి లోపటికి రావచ్చునా?" అని అడిగాడు. సారు రమ్మన్నారు. ఆయన నా ఆంప్లిఫయర్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. గది మధ్యలో నిలబడి, తల ఎడమకు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, ఆ మృదంగం ఇంకోసారి పెట్టమన్నాడు. విన్నాడు. పోయి షోకేసు కొట్టాడు, అరచెయ్యి పెట్టాడు. కిటికీ చెక్క కొట్టాడు. గోడ కొట్టాడు. అద్దాల బీరువా కొట్టాడు. సారు ఆయన వెనకే, ఇంజనీరు మాదిరిగా కాక తిరునాళ్లలో పిల్లవాడిలాగా, నడుస్తున్నారు. చివరికి ఎడమ స్పీకర్ కింద, సారు వడ్రంగితో ప్రత్యేకంగా చేయించుకున్న టేకు పీఠం దగ్గర వంగని కాలును పక్కకు చాపి కూలబడ్డాడు. కొట్టాడు. అరచెయ్యి ఆనించాడు. ముందుకు జరిగి మళ్లీ కొట్టాడు.

"గిది డొల్లగుంది సార్. మీదికి చెక్క మంచిగుంది గని లోపట పలక ఊడింది. పాటకు గా పలక వణుకుతుంది" అన్నాడు. తర్వాత నన్ను పిలిచాడు. "దాసూ, ఇటు రా. ఈడ కొట్టు. ఇగ గీడ కొట్టు. చెయ్యి పెట్టి చూడు. తేడా చెప్పు."

కొట్టాను. చెయ్యి పెట్టాను. ఆయన చూపించినట్టే చూశాను. "రెండూ ఒక్కతీరే ఉన్నయి గద బాపు" అన్నాను. ఇంకోసారి కొట్టమన్నాడు. ఇంకోసారి కూడా అంతే. బాపు నా ముఖం వైపు చూశాడు, కొంచెం ఎక్కువసేపే చూశాడు. తర్వాత సారును నాలుగు ఇటుకలు ఉన్నాయా అని అడిగాడు. పీఠం తీసేసి ఇటుకల మీద స్పీకర్ పెట్టి మృదంగం మోగిస్తే గుర్రు లేదు. ఆ దెబ్బ నేల మీద నుంచి నడిచి వచ్చి మన కడుపులో కూర్చున్నట్టు వచ్చింది. సారు బాపు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. నా వైపు తిరిగి, "ఇదే నాకు కావాల్సింది. మా వీధిలో ఇంకో ముగ్గురున్నారు, వాళ్లకూ నువ్వే చేయాలి" అన్నారు. మేడమ్‌గారు ఉప్మా పెట్టారు. బాపు తినేముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు, ఆ రోజు అది మామూలు కంటే పొడుగ్గా సాగింది.

తిరిగొచ్చేటప్పుడు సైకిలు ఖాళీ. నేనైతే గాలిలో ఉన్నాను. దారిలో ఒక హోటల్ బయట బల్ల మీద చాయ్‌కి కూర్చున్నాం. ఆయన సాసర్లో పోసుకున్నాడు గానీ ఊదటం లేదు.

"సారు మంచిగుందన్నడు బాపు. ఇగ ఫారం మీద నా పేరు రాయవు గద" అన్నాను.

"రాయ."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"సారు అన్నడని గాదు. ఆయన కాదన్నా నేను రాయకపోతుంటి."

ఎందుకని అడిగాను. ఆయన బల్ల చెక్కను కణుపులతో ఒకసారి కొట్టాడు.

"రెండు జాగల కొట్టిపిచ్చిన. ఒక్కతీరే ఉన్నయంటివి."

"పీఠమే గద బాపు. తెలువకుంటే ఏమైతది?"

"పీఠానికి ఏం గాదు బిడ్డా. రూఫ్ కింద గూడ నువ్వు గదే అంటవ్. ఆడ అనేటందుకు టైం ఉండది." చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. "నేర్పిద్దమనుకున్న. కొందరికి నేర్పితే రాదు. మీ బావ పేరు రాస్త. వానికి తెలుస్తది, పెండ్లిచూపులకు వచ్చినప్పుడే చూసిన."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. కమాన్‌పూర్ నుంచి బావ మా అక్కను చూడటానికి వచ్చిన రోజు, అందరూ చాయ్ తాగుతుంటే బాపు ఆయన్ను పెరట్లోకి తీసుకుపోయి మూడు కుండల మీద కొట్టించాడు. పిల్లను చూడటానికి వచ్చినవాడితో కుండలు కొట్టించడం ఏమిటని అవ్వ అప్పట్లో వారం రోజులు మాట్లాడలేదు. వ్యవసాయం చేసుకునే ఆ మనిషికి బీటలు వారిన కుండ ఏదో మొదటి దెబ్బకే తెలిసిందట. పాపం, ఆయన అది సంబంధంలో భాగమే అనుకున్నాడు.

బావ బాయిలోకి పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు చేసి, రెండు కాళ్లతో, పది వేళ్లతో బయటికొచ్చాడు. ఒకసారి ఆయన కొట్టి చూసి, ఆగండి అని నలుగురిని వెనక్కి లాగిన చోట కొద్దిసేపటికి కప్పు కూలిందని వాళ్లు ఇంటికి వచ్చి చెప్పారు. ఆ రోజు బాపు చాలాసేపు నా వైపే చూస్తూ కూర్చున్నాడు, పొగిడింది బావనైనా. అవ్వ నాకు రెండోసారి అన్నం పెట్టింది.

ఇప్పుడు బావ పొలం ఉన్న దిక్కంతా ఓపెన్‌కాస్టు, నేల పైనుంచే తవ్వుకుంటూ పోయే బాయి. పైకప్పే లేదు, ఆకాశమే కప్పు, దాన్ని కొట్టి చూడాల్సిన పని లేదు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయితే మా షాపులో స్పీకర్లన్నీ ఎవరూ పాట పెట్టకుండానే ఒకసారి గుండెలు కొట్టుకుంటాయి. క్వార్టర్లలో సగానికి తాళాలు. తలుపులకు తడి తువ్వాలలు లేవు, ఉన్న మనుషులు కిటికీలు మూసుకుని ఏసీలో పడుకుంటారు. ఆంప్లిఫయర్ ఎవరూ కట్టరు, డబ్బాలో వస్తుంది. నా కాలంలో నెల పట్టిన జతకట్టుడు ఇప్పుడు ఫోనులో నిమిషం. ఓములు చూడు, వాట్లు చూడు, సరిపోతే కొను. అది తప్పని నేను అనను, చెమట తక్కువ. రాజమల్లు అన్నకు కూడా అదే చెప్పాను. నాలుగు ఓములకు తట్టుకునేది కొను అన్నా, వాట్లకు పిసినారితనం చేయకు, వీళ్లు పెద్దింటి పిల్లలు, బాగా తింటారు అని.

బాపు ఆ హోటల్ మాట బతికినన్ని రోజులూ ఇంకెవరితోనూ అనలేదు. లైనులో ఎవరు అడిగినా ఒకటే చెప్పేవాడు. "ఇంజనీరు సారు మావోన్ని ఇడుస్తలేడు. వాడు బాయికి వస్తే సారు పాట ఎట్ల ఇంటడు?" పక్కింటి కాక కూడా నమ్మాడు, మా అక్క నమ్మింది, నా పెళ్లికి పిల్లనిచ్చినవాళ్లు ఈ మాట మీదే ఇచ్చారు. ఈ బొగ్గు బెల్టులో సౌండు తెలిసినవాడు దాసు ఒక్కడే అని ఇప్పటికీ మందమర్రి నుంచి కూడా వస్తారు. హారన్ల ముందు నిలబడి నిలబడి చెవులు మొద్దుబారాయో, పుట్టుకతోనే అంతో, నాకు మాత్రం ఈ రోజు వరకు డొల్లకూ గట్టికీ తేడా తెలియదు. అందుకే నేను ఎవరింట్లో స్పీకర్లు పెట్టినా మంచిగుంది అని ముందుగా అనను. ఇంటాయనను కుర్చీలో కూర్చోబెడతాను, పాట పెడతాను, పక్కకు పోయి ఆయన ముఖం చూస్తూ నిలబడతాను. ముఖం వెలిగేదాకా ఇటుకలు జరుపుతాను, వైర్లు మారుస్తాను, ఎంతసేపైనా సరే. దాసన్న ఎంత మర్యాదస్తుడో చూడు, మనల్ని అడగకుండా ఏదీ ఖాయం చేయడు అంటారు. అంటే నేను కాదనను.